ముడి వేయాల్సిన చోటు

1881 వేసవి. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నగరం. కడుపు కోసి అండాశయపు కణితులు తీయడంలో లాసన్ టెయిట్‌కి అప్పటికే గట్టి పేరుంది. హాల్‌రైట్ అనే డాక్టరు ఆయన్ని ఒక రోగిని చూడమని పిలిపించాడు. గర్భం ఫెలోపియన్ ట్యూబులో నిలిచి, ఆ ట్యూబు చిట్లి, పొట్ట లోపల రక్తం కారుతోందని హాల్‌రైట్ సరిగ్గానే పోల్చుకున్నాడు. పొట్ట తెరిచి ట్యూబు తీసేయమని అడిగాడు.

టెయిట్ ఒప్పుకోలేదు. చిట్లిన ట్యూబుకి ఆపరేషన్ చేసి మనిషిని దక్కించుకున్న దాఖలా అప్పటికి లేదు.

మళ్లీ రక్తస్రావమై ఆమె చనిపోయింది.

శవపరీక్షలో తీసిన భాగాన్ని టెయిట్ పట్టిపట్టి చూశాడు. ట్యూబు అడుగున, గర్భసంచి పక్కన పరుచుకుని ఉండే బ్రాడ్ లిగమెంటులోంచే రక్తనాళాలు వస్తున్నాయి. అక్కడ ముడి వేసి ట్యూబు తీసేసి ఉంటే ఆమె బతికేదని ఆయనే తర్వాత రాశాడు.

1883 జనవరి. మరో స్త్రీ, అదే ఆపద. ఈసారి టెయిట్ వెనకాడలేదు. తెరిచి చూస్తే పొట్టనిండా రక్తం, గడ్డలు. చుట్టూ అతుక్కుపోయిన పిండం తిత్తిని విడదీయబోయాడు. విడదీసే కొద్దీ రక్తం ఎగదన్నింది. ఆమె కూడా దక్కలేదు.

తప్పెక్కడ జరిగిందో అప్పుడు తెలిసింది. అతుకుల దగ్గర ఆగిపోకూడదు. కారే రక్తాన్ని చూసి చెయ్యి తడబడకూడదు. చకచకా దారి చేసుకుని నేరుగా లిగమెంటు మొదలుకి వెళ్లి ముందు ముడి వేయాలి. మిగతాదంతా ఆ తర్వాతే. అదే ఏడాది మార్చిలో ఆయన అలాగే చేశాడు. ఆ స్త్రీ బతికింది. తర్వాతి అయిదేళ్లలో 40 దాకా ఇలాంటి ఆపరేషన్లు చేస్తే, పోయిన ప్రాణాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే.

గర్భసంచి బయట నిలిచే గర్భాల్లో పదింట తొమ్మిదికి పైగా ట్యూబులోనివే. అరుదైన చోట్ల నిలిచేవి ఇంకా మొండివి. ట్యూబు గర్భసంచి కండరంలోంచి వెళ్లే మూలలో నిలిస్తే, కండరం సాగుతుంది కనుక ఆలస్యంగా చిట్లుతుంది. చిట్లితే మాత్రం రక్తం ఆపడం చాలా కష్టం. పాత సిజేరియన్ మచ్చలో నిలిచే గర్భం గురించి వైద్య పత్రికల్లో మొదటిసారి వచ్చింది 1978లో. స్కాన్‌లో గర్భసంచి లోపల ఖాళీగా ఉంటుంది. తిత్తి ముందు గోడలో కనిపిస్తుంది. దానికీ మూత్రాశయానికీ మధ్య కండరం కాగితమంత పల్చన. మామూలు గర్భస్రావం అనుకుని డి అండ్ సి (గర్భసంచి లోపల గీకి శుభ్రం చేయడం) చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. కొందరికి ఆ భాగం కోసి తీసి, గోడని తిరిగి కుట్టాల్సి వస్తుంది.

ఈ మచ్చ గర్భం మనకి దూరపు సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. సిజేరియన్ అయినవాళ్లకి మళ్లీ నెల తప్పితే ఆరేడు వారాలకే స్కాన్ చేయించండి. మచ్చ దగ్గర ప్రత్యేకంగా చూడమని అడగండి. నెల తప్పిన ఏ ఆడమనిషికైనా పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, కళ్లు తిరగడం, భుజంలో పోటు వస్తే గ్యాస్ అని సరిపెట్టకండి. తెల్లారనిద్దాం అనుకోకండి. రాత్రికి రాత్రే ఆపరేషన్ థియేటరున్న ఆస్పత్రికి తీసుకెళ్లండి.