భాగం – 7: తెర మీది ఆలస్యం – పిక్చర్ ట్యూబ్ నుంచి గేమింగ్ మానిటర్ వరకు

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తర్వాత మీరు:
• ఇన్‌పుట్ ల్యాగ్ అంటే ఏమిటో, అది ఏయే దశల్లో పుడుతుందో వివరించగలుగుతారు.
• టీవీ తెరలు, వాటి కనెక్షన్లు మారుతూ వచ్చిన క్రమాన్ని చెప్పగలుగుతారు.
• ఒకే కాలంలో జరిగిన రెండు మార్పుల్లో ఏది అసలు కారణమో వేరుచేసి చూడగలుగుతారు.

7.1 పరిచయం

ఫలక్‌నుమా అనగానే వికారుల్ ఉమ్రా 1884లో నిర్మాణం మొదలుపెట్టిన ప్యాలెస్ మనకు గుర్తుకు వస్తుంది. చరిత్ర పాఠాలు సాధారణంగా ఆ కొండ మీదనే ఆగిపోతాయి. కానీ కొండ కింది బస్తీల్లోని ఇళ్లకూ, ఆ ఇళ్లలోని వస్తువులకూ చరిత్ర ఉంది. అలాంటి ఒక ఇంటిని ఊహించండి. ముందు గదిలో ఒకే టీవీ. సాయంత్రం సీరియళ్లు అయ్యాక డిగ్రీ చదివే కొడుకు దానికే కంప్యూటర్ తగిలించి ఆట ఆడతాడు. బటన్ నొక్కిన కాసేపటికి గానీ తెర మీది తుపాకి పేలదు. "వైరు మంచిది కాదు, ఖరీదైన హెచ్‌డీఎంఐ కేబుల్ కొను" అని స్నేహితుడు సలహా ఇస్తాడు. ఆ సలహా సరైనదేనా? దీనికి జవాబు సాంకేతిక చరిత్రలో దొరుకుతుంది.

ఆటగాడు బటన్ నొక్కిన క్షణానికీ, దాని ఫలితం తెర మీద కనిపించిన క్షణానికీ మధ్య గడిచే సమయాన్ని ఇన్‌పుట్ ల్యాగ్ అంటారు. దీన్ని మిల్లీసెకన్లలో, అంటే సెకనులో వెయ్యో వంతుల్లో కొలుస్తారు. ఇది నాలుగు చోట్ల పుడుతుంది: మౌస్ లేదా కంట్రోలర్‌లో, బొమ్మను తయారుచేసే కంప్యూటర్‌లో, బొమ్మను మోసే కేబుల్‌లో, దాన్ని చూపే తెరలో. ఇంటర్నెట్ వల్ల కలిగే ఆలస్యం వేరే విషయం. ఈ భాగంలో చివరి రెండు దశలనే పరిశీలిద్దాం.

7.2 చూసేవారి తెర

మన ప్రాంతానికి టీవీ ఆట వస్తువుగా రాలేదు, పాఠం చెప్పే సాధనంగా వచ్చింది. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు జరిగిన 'సైట్' ఉపగ్రహ బోధనా ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందాయి. ఆ గ్రామాల్లో పెట్టిన సెట్లను హైదరాబాద్‌లో 1967లో ఏర్పడిన ఈసీఐఎల్ తయారుచేసింది. 1977 అక్టోబరులో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది. తర్వాతి కాలంలో ఈసీ టీవీ ఎన్నో ఇళ్లకు చేరింది.

ఇక్కడ ఒక లెక్క గమనించాలి. ఆ ఉపగ్రహం భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండేది. సంకేతం పైకి వెళ్లి కిందికి రావడానికి దాదాపు 240 మిల్లీసెకన్లు పట్టేది. అంటే గ్రామస్థులు ప్రతి బొమ్మనూ పావు సెకను ఆలస్యంగా చూశారు. దానివల్ల ఎవరికీ నష్టం కలగలేదు. వ్యవసాయ కార్యక్రమం చూసే రైతు తెరకు బదులు చెప్పనవసరం లేదు కదా! టీవీ సెట్టు పుట్టుకతోనే చూసేవారి కోసం తయారైన వస్తువు. ఈ భాగంలోని మిగతా చర్చకంతటికీ ఈ విషయమే పునాది.

7.3 ఆడేవారి తెర: పిక్చర్ ట్యూబ్ కాలం

తెరకు బదులు చెప్పే మనిషి ప్రయోగశాలలో కనిపించాడు. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బోథమ్ ఆసిలోస్కోప్ తెర మీద టెన్నిస్ ఆట చూపించాడు. 1972లో మాగ్నవాక్స్ ఒడిస్సీ వచ్చి ఆటను ఇంటి టీవీకి చేర్చింది. దాన్ని టీవీ యాంటెనా కనెక్షన్‌కే తగిలించేవారు. 1990లలో మన పట్టణాల్లో అమ్ముడైన చవక వీడియో గేమ్‌లదీ ఇదే పద్ధతి. యాంటెనా వైరు ఊడదీసి ఆట పెట్టె వైరు పెట్టి, చానల్ తిప్పి బొమ్మను వెతుక్కునేవారు. లేదా ఎ.వి. వైర్లు తగిలించేవారు.

ఆ బొమ్మలో చుక్కలు ఉండేవి, రంగులు ఒకదానిలోకి ఒకటి కారేవి. కానీ ఆలస్యం లేదు. కారణం పిక్చర్ ట్యూబ్ పనిచేసే తీరులో ఉంది. వచ్చిన సంకేతాన్ని అది దాచిపెట్టుకోదు. సంకేతం ఎలా వస్తే అలా ఎలక్ట్రాన్ కిరణం పై నుంచి కిందికి గీతలు గీస్తుంది. మన దేశపు పాల్ పద్ధతిలో సెకనుకు 50 సార్లు, అంటే 20 మిల్లీసెకన్లకు ఒకసారి తెర పై నుంచి కింది దాకా గీయబడుతుంది. కాబట్టి అడుగు గీత పై గీత కంటే కొంచెం వెనకే పడుతుంది. అంతకు మించి టీవీ తనంతట తాను చేర్చే ఆలస్యం దాదాపు లేనట్టే. జ్ఞాపకశక్తి చిప్పులు అమర్చిన చివరి కాలపు 100 హెర్ట్జ్ టీవీలు దీనికి మినహాయింపు.

దీనికి మంచి ఆధారం బాతులను కాల్చే ఆట. ప్లాస్టిక్ తుపాకి ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక క్షణం నల్లబడి, బాతు ఉన్న చోట తెల్లని చదరం మెరుస్తుంది. తుపాకిలోంచి ఏమీ బయటికి పోదు. తెర మీది వెలుగే తుపాకి గొట్టంలోని కంటికి చేరుతుంది. ఆ మెరుపు సరిగ్గా అనుకున్న సమయానికి కనబడితేనే బాతు చచ్చినట్టు లెక్క. అదే ఆట పెట్టెను, అదే వైర్లతో ఎల్‌సీడీ టీవీకి తగిలిస్తే ఎంత గురి చూసి కాల్చినా బాతు పడదు. వైరు మారలేదు, తెర మాత్రమే మారింది.

7.4 కనెక్షన్ల పరిణామం

1987లో ఐబీఎం పీఎస్/2 కంప్యూటర్లతో పదిహేను పిన్నుల వీజీఏ వచ్చింది. ఇది అనలాగ్ పద్ధతి. పలుచని తెరలకు అనువైన డిజిటల్ కనెక్షన్‌గా 1999లో డీవీఐ, బొమ్మను, ధ్వనిని ఒకే వైరులో మోసే హెచ్‌డీఎంఐ 2002 చివరలో, కంప్యూటర్ మానిటర్ల కోసం డిస్‌ప్లేపోర్ట్ 2006లో వచ్చాయి.

వీటిలో ఏది వేగవంతమైనది? ఈ ప్రశ్నను రెండుగా విడదీయాలి. మొదటిది ప్రయాణ వేగం. రెండు మీటర్ల కేబుల్ దాటడానికి సంకేతానికి పట్టేది సుమారు పది నానోసెకన్లు. మిల్లీసెకనులో పది లక్షల వంతు ఒక నానోసెకను. ఎంత ఖరీదైన కేబుల్ కొన్నా ఇందులో మనిషికి తెలిసే మార్పు రాదు.

రెండవది మోయగల బరువు. సెకనుకు ఎన్ని బొమ్మలు పంపగలదు అనేది కనెక్షన్‌ను బట్టి మారుతుంది. సెకనుకు 60 బొమ్మలైతే ఒక్కోదానికి 16.7 మిల్లీసెకన్లు, 144 అయితే 6.9, 240 అయితే 4.2. హెచ్‌డీఎంఐ 1.4 ఉన్న పోర్టు 4కె బొమ్మను సెకనుకు 30 సార్లు మాత్రమే పంపగలదు. అంటే ఒక్కో బొమ్మకు 33 మిల్లీసెకన్లు. 2013లో వచ్చిన 2.0 దాన్ని 60కి పెంచింది. కనెక్షన్ ప్రభావం నిజంగా ఉన్నది ఇక్కడే.

7.5 పలుచని తెర, కొత్త ఆలస్యం

2000ల్లో పిక్చర్ ట్యూబ్ స్థానంలో ఎల్‌సీడీ వచ్చింది. ఎల్‌సీడీలో చుక్కల సంఖ్య స్థిరం. వచ్చిన బొమ్మ పరిమాణం వేరైతే దాన్ని సాగదీయాలి. పాత టీవీ సంకేతంలో సగం గీతలు ఒకసారి, మిగతా సగం మరోసారి వస్తాయి. వాటిని కలిపి ఒకే బొమ్మగా కుట్టాలి. వీటికి తోడు రంగులు దిద్దడం, చుక్కలు తుడవడం, కదలికను నునుపు చేయడం చేరాయి. చివరిదానికి రెండు బొమ్మల మధ్య లేని బొమ్మను ఊహించి చేర్చాలి. తర్వాతి బొమ్మ వచ్చేదాకా ఆగకుండా అది సాధ్యం కాదు. కాబట్టి ఆలస్యం ఆ పద్ధతిలోనే ఇమిడి ఉంది. ఇవన్నీ కలిసినప్పుడు టీవీ చేర్చే ఆలస్యం వంద మిల్లీసెకన్లు దాటడం అరుదు కాదు. వెలుగు కనబడగానే బటన్ నొక్కడానికి మనిషికి 200–250 మిల్లీసెకన్లు పడుతుంది. దానిముందు వంద చిన్న అంకె కాదు.

టీవీ కంపెనీలు దీన్ని లోపంగా చూడలేదు. సినిమా, క్రికెట్ చూసేవారికి బొమ్మ అందంగా ఉంటే చాలు. ధ్వనిని కూడా అంతే వెనక్కి జరిపితే ఎవరికీ తేడా తెలియదు. నష్టపోయినది ఆడేవారు ఒక్కరే. తాళానికి తగ్గట్టు బటన్లు నొక్కే సంగీత ఆటలలో ఇది ముందుగా బయటపడింది. 2008లో వచ్చిన రాక్ బ్యాండ్ 2 ఆట గిటార్‌లో, తెర ఎంత ఆలస్యం చేస్తోందో కొలవడానికి వెలుగును పసిగట్టే సెన్సర్ అమర్చారు. 2001 నాటి సూపర్ స్మాష్ బ్రదర్స్ మెలీ పోటీల ఆటగాళ్లు ఇప్పటికీ బరువైన పిక్చర్ ట్యూబ్ టీవీలనే కోరుకుంటారు.

ఇదే కాలంలో ఎ.వి. వైర్లు పోయి హెచ్‌డీఎంఐ కేబుల్ వచ్చింది. తెర, వైరు రెండూ ఒకేసారి మారాయి. కంటికి కనిపించేది వైరు. టీవీ లోపల జరిగే పని కనిపించదు. అందుకే చాలామంది నింద వైరు మీద వేశారు. రెండు సంఘటనలు కలిసి జరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదన్న చరిత్ర పరిశోధనా సూత్రం ఇక్కడా వర్తిస్తుంది.

పరిశ్రమ క్రమంగా స్పందించింది. దిద్దుబాట్లను పక్కన పెట్టే 'గేమ్ మోడ్' టీవీల్లో చేరింది. 2013లో ఎన్‌విడియా జీ-సింక్, 2014లో వెసా సంస్థ అడాప్టివ్ సింక్ వచ్చి, బొమ్మ తయారైన వెంటనే తెర దాన్ని చూపే పద్ధతిని తెచ్చాయి. 2017 నాటి హెచ్‌డీఎంఐ 2.1లో ఆట మొదలవగానే టీవీ తనంతట తాను గేమ్ మోడ్‌లోకి మారే ఏర్పాటు ఉంది.

7.6 అన్వయం

ఇప్పుడు ఫలక్‌నుమా ఇంటి సమస్యకు వద్దాం. కేబుల్‌కు డబ్బు పెట్టే ముందు ఖర్చులేని మూడు పనులు చేయాలి. టీవీ సెట్టింగులలో గేమ్ మోడ్ పెట్టాలి. కదలికను నునుపు చేసే సౌకర్యాన్ని ఆపాలి. కంప్యూటర్‌లో రిఫ్రెష్ రేటు ఎంత ఉందో చూడాలి. 144 హెర్ట్జ్ మానిటర్ ఉన్నా విండోస్ 60 దగ్గరే ఉండిపోవడం మామూలే. సెల్‌ఫోన్ బొమ్మను వైరు లేకుండా టీవీకి పంపి ఆడేవారు వైరు తగిలించాలి. వైరు లేని పద్ధతిలో బొమ్మను కుదించి, పంపి, మళ్లీ విప్పడానికి సమయం పడుతుంది.

అప్పటికీ ఆలస్యం తగ్గకపోతే మార్చవలసినది తెరనే. ఫలక్‌నుమాలో ఎంఎంటీఎస్ ఎక్కి సికింద్రాబాద్‌లో దిగి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. పెట్టె మీద రాసే '1 మిల్లీసెకను' రెస్పాన్స్ టైమ్. అది చుక్క రంగు మారడానికి పట్టే సమయమే గానీ ఇన్‌పుట్ ల్యాగ్ కాదు. ఎక్కువ దిద్దుబాట్లు చేయని మామూలు పాత ఆఫీసు మానిటర్ కూడా, గేమ్ మోడ్ లేని పెద్ద టీవీ కంటే ఆటకు మేలు కావచ్చు.

7.7 సారాంశం

కొత్త సాంకేతికత ప్రతి కొలమానంలోనూ పాతదానికంటే మెరుగ్గా ఉండదు. పలుచని తెర బరువును, కరెంటు ఖర్చును తగ్గించింది, బొమ్మను పెద్దది చేసింది. అయితే చేతికీ కంటికీ మధ్య దూరాన్ని పెంచింది. ఆ దూరం కేబుల్‌లో పుట్టలేదు. వస్తువును ఎవరి అవసరం కోసం తయారుచేశారన్న నిర్ణయంలో పుట్టింది. కేబుల్ పాత్ర సెకనుకు ఎన్ని బొమ్మలు మోయగలదన్నంతవరకే.

7.8 కీలక పదాలు

ఇన్‌పుట్ ల్యాగ్: బటన్ నొక్కడానికీ, ఫలితం తెరపై కనిపించడానికీ మధ్య కాలం.
రిఫ్రెష్ రేటు: తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మను మారుస్తుందో తెలిపే సంఖ్య (హెర్ట్జ్).
రెస్పాన్స్ టైమ్: తెర మీది చుక్క ఒక రంగు నుంచి మరొక రంగుకు మారడానికి పట్టే కాలం.
గేమ్ మోడ్: బొమ్మ దిద్దుబాట్లను తగ్గించి ఆలస్యాన్ని తగ్గించే టీవీ సెట్టింగు.

7.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఉపగ్రహ బోధనా ప్రయోగంలో పావు సెకను ఆలస్యం ఎందుకు సమస్య కాలేదు?
2. బాతుల ఆట తుపాకి ఎల్‌సీడీ తెర మీద ఎందుకు పనిచేయదు?

II. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఇన్‌పుట్ ల్యాగ్‌కు కేబుల్ కంటే తెరే ప్రధాన కారణమన్న వాదనను ఆధారాలతో చర్చించండి.
2. మీ ఇంట్లోని ఏదైనా ఒక పరికరాన్ని తీసుకుని, కొత్త రూపంలో అది ఏయే విషయాల్లో మెరుగుపడిందో, ఏ విషయంలో వెనకబడిందో వివరించండి.