పహాణీలో సాగుదారు పేరు: కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల కౌలు చరిత్ర

నిజాం పాలనలో నిజామాబాద్ జిల్లాకు చెందిన కామారెడ్డి, ఎల్లారెడ్డి తాలూకాల్లో, తెలంగాణలోని తక్కిన ప్రాంతాల్లో మాదిరిగానే, పొలం దున్నే మనిషి బతుకు చాలావరకు పట్వారీ రాసే పహాణీ మీద ఆధారపడి ఉండేది. పహాణీ అంటే సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు, సాగుదారు పేరు, వేసిన పంట వంటి వివరాలను ఏటా గడుల్లో నింపే గ్రామ లెక్క. సాగుదారు గడిలో పేరు ఎక్కించుకోవడం, దాన్ని నిలబెట్టుకోవడం ఒంటరి కౌలుదారుకు అంత సులువు కాలేదు.

కౌలు ఒప్పందం సాధారణంగా నోటిమాట మీదే నడిచేది. పండినదాంట్లో వాటా ఇచ్చే పాలు, పంట పండినా పండకపోయినా నిర్ణీత మొత్తం చెల్లించే గుత్త అన్నవి అందులో ముఖ్యమైన పద్ధతులు. పట్టాదారు కింద సాగుచేస్తూ, అతడి ఇష్టం ఉన్నన్నాళ్లే భూమి మీద నిలవగలిగిన రైతును రెవెన్యూ భాషలో ఆసామీ షిక్మీ అనేవారు. ఎల్లారెడ్డికి చేరువలో మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీటితో బాన్సువాడ, బోధన్ వైపు తరి సాగు విస్తరించి, కోస్తా జిల్లాల రైతులు కూడా వచ్చి స్థిరపడడంతో భూమికి గిరాకీ పెరిగింది. గిరాకీ పెరిగిన చోట నోటిమాట మీద నిలిచిన కౌలుదారును కదిలించడం మరింత లాభసాటి అవుతుంది.

ఈ స్థితిలో నిజాం రాష్ట్రంలోని తెలుగువారి సంస్థ అయిన ఆంధ్ర మహాసభ ఆరో సమావేశం 1937లో నిజామాబాద్‌లో జరిగింది. 1944లో భువనగిరి సభతో నాయకత్వం వామపక్షం చేతికి వచ్చాక వెట్టి, అక్రమ వసూళ్లు, బేదఖళ్లు, అంటే కౌలుదారులను భూమి నుంచి వెళ్లగొట్టడం, గ్రామ సంఘాల పోరాటాంశాలయ్యాయి. 1946లో మొదలై 1951 అక్టోబరులో విరమించిన తెలంగాణ సాయుధ పోరాటానికి నల్లగొండ, వరంగల్, ఖమ్మం ప్రాంతాలు కేంద్రమే తప్ప నిజామాబాద్ జిల్లా కాదు. అయినా ఆ పోరాటం పాలకులను భూసంస్కరణల వైపు నెట్టినందువల్ల 1949 నాటి జాగీర్ల రద్దు, 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం కామారెడ్డి, ఎల్లారెడ్డి రైతులకు కూడా దక్కాయి. ఆ ప్రాంతాల రైతుకూలీలు ప్రాణాలొడ్డి తెచ్చిన ఫలం ఇది. ఈ తాలూకాల భూచరిత్రలో ఆ రుణాన్ని మరువకూడదు.

ఆ చట్టం, పేర్కొన్న కాలాల్లో కనీసం ఆరేళ్లు వరుసగా సాగుచేసినవారిని రక్షిత కౌలుదారులుగా గుర్తించి, వారి పేర్లతో రిజిస్టరు తయారుచేయించి, బేదఖలుకు షరతులు పెట్టి, భూమి కొనుక్కునే హక్కును కూడా ఇచ్చింది. కానీ గ్రామ లెక్క రాసే పట్వారీ చాలాచోట్ల భూస్వామి మాట కాదనలేనివాడు. ఆర్థికశాస్త్రవేత్త ఎ.ఎం. ఖుస్రో 1958లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 1951లో హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న రక్షిత కౌలుదారుల్లో నాలుగేళ్లలోనే సుమారు 45 శాతం మంది మాత్రమే ఆ హోదాలో మిగిలారు. సుమారు 12 శాతం మంది భూమి కొనుక్కోగా, 22 శాతం మందిని చట్టవిరుద్ధంగా వెళ్లగొట్టారు, 17 శాతం మంది ‘స్వచ్ఛందంగా’ వదులుకున్నట్టు నమోదైంది. పొలమే తిండిగా బతికే కుటుంబం దాన్ని తనంతట తాను వదులుకుందన్న నమోదును అలాగే నమ్మడం కష్టం. చట్టం వచ్చినా, చాలామందికి అది కాగితం దాటలేదనడానికి ఈ అంకెలే సాక్ష్యం.

1950 చట్టంలో తరువాత చేర్చిన 38-ఇ సెక్షన్ రక్షిత కౌలుదారుకు యాజమాన్యం బదిలీ అయినట్టే భావించింది. అయితే తెలంగాణలో అత్యధిక భాగానికి అది 1973 జనవరి 1 నుంచి గాని వర్తించలేదు. అప్పటికే భూమి చేజారినవారి వారసులకు ఆ సెక్షన్ కింది యాజమాన్య ధ్రువపత్రం దశాబ్దాల కోర్టు వ్యాజ్యంగా మిగిలింది.

రక్షిత కౌలుదారుల తరం గడిచాక వచ్చిన కొత్త కౌలుదారుల్లో ఎక్కువమందికి ఏ రిజిస్టరూ లేదు. భూసమస్యలపై ప్రభుత్వం వేసిన కోనేరు రంగారావు కమిటీ సిఫారసుల తరువాత, 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన చట్టం సాగుదారులకు రుణ అర్హత కార్డు ఇవ్వాలన్నది. అది భూమి మీద హక్కును కాక, బ్యాంకు అప్పుకు, పంట బీమాకు, నష్టపరిహారానికి దారిని మాత్రమే ఇస్తుంది. 2018లో మొదలైన రైతుబంధు పెట్టుబడి సాయం, రైతు బీమా రెండూ పట్టాదారుకే అందాయి. 2020 అక్టోబరులో వచ్చిన ధరణి భూ రికార్డులో సాగుదారు గడి లేకపోయింది. పైపెచ్చు పెట్టుబడి సాయం పట్టాదారుకు చేరుతున్నా, అప్పు తెచ్చి విత్తనం, ఎరువు కొనే భారం కౌలుదారు మీదే ఉంది. రైతు స్వరాజ్య వేదిక 2022లో రాష్ట్రంలోని వివిధ జిల్లాల్లో జరిపిన సర్వేలో, కలిసిన రైతుల్లో మూడో వంతుకు పైగా కౌలుదారులేనని తేలింది.

2023 జనవరిలో కామారెడ్డి మున్సిపాలిటీ ముసాయిదా మాస్టర్ ప్లాన్ తమ పొలాలను పారిశ్రామిక జోన్‌లో చూపిందని చుట్టుపక్కల గ్రామాల రైతులు ఐక్య కార్యాచరణ కమిటీగా ఏర్పడి కలెక్టరేట్ ముందు నిలిచారు. కొన్ని వారాల్లోనే పాలకమండలి ఆ ముసాయిదాను రద్దుచేస్తూ తీర్మానించింది. ఒక్కటైన ఊళ్ల బలం ఎంతటిదో ఆ గెలుపు చూపింది. అయితే అది పట్టాదారుల భూముల గెలుపు. ఆ పొలాల్లో కౌలుకు సాగుచేసేవారి పేర్లు అప్పటి భూ రికార్డులో ఏ గడిలోనూ లేవు; 2011 చట్టం ప్రకారం గ్రామగ్రామాన సాగుదారులను గుర్తించి కార్డులు ఇవ్వాలని కౌలు రైతుల తరఫున సంఘాలు అడుగుతూ వస్తున్నాయి.