బధిర బాలలు: భాష, పరహృదయ జ్ఞానము

ఎదుటివారి మనస్సును గ్రహించుశక్తి వయస్సుతోపాటు దానంతట అదియే అలవడునని సామాన్యముగా తలతురు. మధ్య అమెరికాలోని నికరాగువా దేశపు బధిరుల చరిత్ర ఈ తలంపును సవరించినది.

1970 దశకమునకు పూర్వము అచ్చటి బధిర బాలలు చాలవరకు తోటి బధిరుల నెరుగక ఇండ్లలోనే పెరిగిరి. ఇంటివారితో జరుపుకొను కొలది సైగలే వారికి ఆధారము. 1977లో రాజధానియగు మనాగువాలో ఒక ప్రత్యేక విద్యాకేంద్రమున సుమారు 50 మంది బధిర బాలలకు తరగతులు ఆరంభమయ్యెను. 1980లో వృత్తివిద్యాలయ మేర్పడెను. 1983 నాటికి రెండింటను కలిపి 400 మందికి పైగా చదువుచుండిరి. ఉపాధ్యాయులు పెదవుల కదలికనుబట్టి స్పానిషు భాషను నేర్పజూచిరి గాని ఫలితము స్వల్పము. ఆటస్థలమునను బస్సులలోను పిల్లలు తమ ఇంటి సైగలను కలుపుకొని క్రొత్త భాషను కల్పించుకొనిరి. తరువాత చేరిన పిన్నలు దానికి వ్యాకరణమును సమకూర్చిరి.

2009లో జెన్నీ పయర్స్, ఆన్ సెంఘాస్ అను విదుషీమణులు ఈ రెండు తరములవారిని పోల్చి పరిశోధన ప్రకటించిరి. ఒక బాలుడు బొమ్మను దాచి వెడలును. వాడు లేనపుడు సోదరుడు దానిని వేరొకచోట నుంచును. తిరిగివచ్చిన బాలుడు ఎచట వెదకును? తాను దాచినచోటనే యనుట సరియైన సమాధానము. చిత్రములతో జరిపిన ఈ పరీక్షలో తొలితరమువారు, వయస్సున పెద్దలయ్యును, పెక్కురు తప్పిరి, పిన్నలు నెగ్గిరి. 'తలచు', 'ఎరుగు' వంటి క్రియలకు సైగలు పెద్దల వాడుకలో అరుదు. రెండేండ్ల పిదప, పిన్నలతో మెలగి అట్టి సైగలను అలవరచుకొన్న పెద్దలు అదే పరీక్షలో మెరుగుపడిరి. కావున లోపము బుద్ధియందు లేదు.

1995లో ఆస్ట్రేలియాలో కాండిడా పీటర్సన్, మైకేల్ సీగల్ జరిపిన పరిశోధనలోను ఎనిమిదేండ్లు దాటిన బధిర బాలలలో పలువురు ఇట్టి పరీక్షలో తప్పిరి. వినగల పిల్లలు నాలుగైదేండ్లకే దీనిని నెగ్గుదురు. అయితే సైగల భాష నెరిగిన బధిర దంపతుల బధిర సంతానము వినగల పిల్లలకు తీసిపోదని తరువాతి పరిశోధనలు తేల్చినవి. కొరత చెవికి సంబంధించినది కాదు. ఇంట సంభాషణ లేకపోవుటయే కారణము.

పరభాషా ప్రాంతములలో తరతరములుగా తెలుగును ఇంట నిలుపుకొన్న కుటుంబములకు ఇంటిమాట విలువ తెలియనిది కాదు. అట్టి ఇంట బధిర శిశువు జన్మించినపుడు, తల్లిదండ్రులును అవ్వతాతలును సైగల భాష నేర్చి, తమ కోరికలను, అనుమానములను, పొరపాట్లను సయితము ఆ శిశువుతో ముచ్చటించుట ఆలస్యము చేయరాని విధి.