ఊపిరియంత్రము – ఊపిరితిత్తుల రక్షణ



విశాఖపట్టణమున రేవు 1933వ సంవత్సరమున తెరువబడినది. ఉక్కు కర్మాగారము అటుపిమ్మట వచ్చినది. ఈ రెంటికంటె ముందే, 1923లో, కింగ్ జార్జి ఆసుపత్రి వెలసినది. ఉత్తరాంధ్ర గ్రామములనుండి రోగులు నేటికిని అచటికి వచ్చుచున్నారు. 2020లో కరోనా ప్రబలినపుడు ఈ పట్టణమందలి మెడ్‌టెక్ జోన్‌లో శ్వాసయంత్రములు తయారైనవి. ఊపిరి నిలుపు యంత్రము మన యూరనే పుట్టుట సంతోషకరమే. కాని యీ యంత్రమువెంట నొక యపాయము కూడ కలదు. దాని నివారణమును గూర్చి నేడు మనవి చేయుదును.

ఈ చికిత్స కథ డెన్మార్కు దేశమున మలుపు తిరిగినది. 1952లో కోపెన్‌హాగెన్ నగరమున పోలియో ప్రబలెను. తొలివారములలో ఊపిరి స్తంభించి యంత్రచికిత్స పొందిన 31 మందిలో 27 మంది మరణించిరి. అప్పుడు ఇబ్సెన్ అను వైద్యుడు రోగి కంఠనాళమున గొట్టమమర్చి, రబ్బరుతిత్తితో గాలి నెక్కించెను. కమ్మరి కొలిమితిత్తి నొత్తినట్లు, సుమారు 1500 మంది విద్యార్థులు వంతులవారీగా రేయింబవళ్ళు ఆ తిత్తుల నొక్కిరి. మరణములు చాల తగ్గినవి. మరుసటియేడే ఇబ్సెన్ అట్టి రోగులకై ప్రత్యేకమైన వార్డు నేర్పరచెను. నేటి ఐ.సి.యు.లకు అదియే మూలము.

ఇక అపాయమెట్టిదనగా: మన కంఠమున నొక మూత కలదు. మ్రింగునపుడది ఊపిరిదారిని కప్పును. తప్పిపోయి నీరు దిగినచో పొలమారి దగ్గు వచ్చును. గొట్టమున్న రోగికి ఆ మూత సరిగా పడదు, దగ్గు చాలదు. నోటియందలి క్రిములు లాలాజలముతో గొట్టము ప్రక్కగా ఊపిరితిత్తులలోనికి జారును. రెండు దినములు దాటినపిమ్మట ఇట్లు వచ్చు న్యుమోనియా ప్రాణములకే ముప్పు.

దీనికి విరుగుడు ఖరీదైనది కాదు. 1847లోనే వియన్నా నగరమున సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు, చేతులు కడుగుకొనుటవలన బాలింతల మరణములు తగ్గునని చూపెను. బడిపిల్లలకు నేను జీవితమంతయు చెప్పిన పాఠము కూడ అదియే. 1999లో బార్సిలోనా వైద్యులొక పరీక్ష ప్రకటించిరి. వెల్లకిల పరుండిన 47 మందిలో 16 మందికి న్యుమోనియా లక్షణములు కనబడగా, తలవైపు ఎత్తి పరుండబెట్టిన 39 మందిలో ముగ్గురికే కనబడినవి. వీనితోపాటు దినదినము నోరు శుభ్రపరచుట, గొట్టము తీయవచ్చునా యని ప్రతిదినము పరీక్షించుట ముఖ్యము.

కడపట పెద్దలకొక మాట. అవసానమున నోట తులసితీర్థము పోయుట మన సంప్రదాయము. కాని గొట్టముతో నున్నవాడు బ్రదుకునను నాశతోనే వైద్యులు యంత్రమమర్చిరి. వాని నోట ప్రేమతో పోసిన చెంచెడు నీరును ఊపిరితిత్తులకు దిగవచ్చును. కావున నర్సు నడుగక యేమియు పోయకుడు. మంచము తలవైపు దించకుడు. చేతులు కడుగుకొనియే రోగిని తాకుడు.