శారద అనే పెద్దమనిషి

శారదా చట్టం అన్న మాట వింటే చాలా ఏళ్ల పాటు నాకు బాసర అమ్మవారే గుర్తొచ్చేది. చిన్నపిల్లల పెండ్లిళ్లు ఆపే చట్టానికి చదువులతల్లి పేరు పెట్టారంటే, ఎవరో తెలిసినవాడే పెట్టి ఉంటాడని మురిసిపోయాను. తీరా చూస్తే ఆ శారద అజ్మీర్‌కు చెందిన హర్‌బిలాస్ సార్దా. ఇంటిపేరు సార్దా. తెలుగువాళ్ల నోట పడేసరికి ఆ పెద్దమనిషి చేతికి వీణ వచ్చింది. ఇంత అందమైన పొరపాటు మనం మళ్లీ చేయలేదేమో.

1929లో వచ్చిన ఆ చట్టం అడిగింది తక్కువే. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 నిండాలి, అంతే. అమలు మాత్రం 1930 ఏప్రిల్ 1 నుంచి. మధ్యలో ఆరు నెలల గడువు దొరికింది. ఇంకేం, పందిళ్లే పందిళ్లు! మరుసటేడు జనాభా లెక్కల్లో పెండ్లయిన పసిపిల్లల సంఖ్య ఒక్కసారిగా ఎగబాకింది. గడువు దాటినా కోస్తావాళ్లకు ఇంకో దారి ఉంది. అదే యానాం. అక్కడ ఫ్రెంచివాళ్ల ఏలుబడి, ఇంగ్లీషువాళ్ల చట్టం చెల్లదు. పెండ్లిబృందాలు పిల్లల్ని చంకనేసుకుని అక్కడికే వెళ్లేవి. ఊరికి కల్యాణపురమని పేరే పడిపోయింది.

వెళ్లలేనివాళ్లు కూడా పెద్దగా భయపడ్డారనుకోను. తప్పు రుజువైతే నెల జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా అని రాసుకున్నారు, నిజమే. కానీ ఫిర్యాదు చేసేవాడే ముందుగా వంద రూపాయల దాకా పూచీ రాసివ్వాలి. ఆ రోజుల్లో పక్కింటి పిల్ల కోసం వంద రూపాయలు ఒడ్డే మొనగాడెవడు?

మన హుస్నాబాద్ వాళ్లకైతే యానాం దాకా పోయే శ్రమా లేదు. నిజాం రాజ్యంలో ఆ చట్టమే లేదు. హుస్నాబాద్ పక్కనే వంగర. చట్టం అమలుకొచ్చిన మరుసటేడు, 1931లో, ఆ ఊరి పదేళ్ల పిల్లవాడికి బాసింగం కట్టి సత్యమ్మనిచ్చి పెండ్లి చేశారు. ఆ పెండ్లికొడుకే పాములపర్తి వేంకట నరసింహారావు. పెండ్లయ్యాక కూడా ఆయన చదువు ఆగలేదు. వరంగల్లు, పూనా, నాగపూర్ అన్నీ తిరిగి చదివారు. పుస్తె కట్టినవాడి పలక ఎవరూ లాక్కోరు. లాక్కునేది కట్టించుకున్న పిల్ల చేతిలోదే. ఆ తరం ఆడపిల్లల్లో ఎవరు ఎన్నో తరగతిలో బడి మానారో ఏ దఫ్తరులోనూ ఎక్కలేదు. పెండ్లికి వచ్చిన కట్నకానుకలు మాత్రం పైసాతో సహా రాసిపెట్టుకున్నారు మనవాళ్లు.

విజయనగరం వైపు కనీసం అక్కడి మహారాజు తీయించిన లెక్క ఒకటి ఉంది. కన్యాశుల్కం మొదటి కూర్పు ముందుమాటలో గురజాడ రాశారు. మూడేళ్లలో శుల్కం పుచ్చుకుని చేసిన పెండ్లిళ్లు 1,034. ఐదేళ్ల పెండ్లికూతుళ్లు 99 మంది, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. మన వైపు తొట్టెల్లో జరిగిన పెండ్లిళ్లు లెక్కపెట్టించే రాజు ఏడీ?

అయితే ఇటువైపు అందరూ నిద్రపోలేదు. 1930లో జోగిపేటలో ఆంధ్రమహాసభ మొదలైనప్పుడే పక్కన మహిళాసభ కూడా కూర్చుంది. నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు. ఆ సభల్లో స్త్రీవిద్య, బాల్యవివాహాల ముచ్చట వచ్చేది. 1935లో ఆ మహాసభ మన సిరిసిల్లకే వచ్చింది. మహాసభ అధ్యక్షుడు మాడపాటి హనుమంతరావు. అప్పటికి ఏడేళ్ల ముందే హైదరాబాదులో ఆడపిల్లలకు తెలుగు బడి పెట్టిన మనిషి. తీర్మానాలకు నిజాం సర్కారు చెవి ఒగ్గిందా అంటే, అది వేరే కథ.

తర్వాత నలభై ఏళ్లు చట్టం నత్తనడకే. 1949లో 15 అన్నారు, 1978లో 18 అన్నారు. వయసు కాగితం మీద పెరిగింది. పిల్ల బడి మానేసి ఇంట్లో కనపడితే వాడకట్టు అడిగే మొదటి మాట మాత్రం మారలేదు: “ఇంకా లగ్గం చెయ్యలే?”

ఆ మాటకు అందకుండా పిల్లను దూరంగా ఉంచే ఉపాయం, వింతగా, వంగర పెండ్లికొడుకు దగ్గరి నుంచే వచ్చింది. ముఖ్యమంత్రిగా ఆయన 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకులం తెరిపించారు. అదీ మగపిల్లల బడే అనుకోండి! కేంద్రంలో ఉండగా తెచ్చిన నవోదయల్లో మూడో వంతు సీట్లు ఆడపిల్లలకు దక్కాయి. బడి మానిన ఆడపిల్లల కోసమే కస్తూర్బా విద్యాలయాలు రావడానికి 2004 దాకా ఆగాల్సి వచ్చింది. 2014లో వచ్చిన పెండ్లి సాయం పథకం కల్యాణలక్ష్మి, 18 నిండితేనే డబ్బులంది. మంచిదే. ఆ డబ్బు డిగ్రీకి ఇచ్చి, పేరు కూడా మార్చి ఉంటే ఇంకా సంతోషించేవాణ్ని.

2019–21 సర్వే ప్రకారం తెలంగాణలో 20–24 ఏళ్ల స్త్రీలలో 23.5 శాతం మందికి 18 నిండకముందే పెండ్లయింది. ఇప్పుడు ఫిర్యాదుకు వంద రూపాయల పూచీ అక్కర్లేదు, పిల్లల సహాయవాణి 1098కు ఉత్త ఫోను చాలు. అయ్యగార్ల పంచాంగం మాత్రం పాతదే. 1930లో ఏప్రిల్ రాకముందే పరుగెత్తిన ముహూర్తాలు, ఇప్పుడు ఏప్రిల్ ఆఖరున హాస్టల్ గేటు తెరిచి పిల్లలు ట్రంకు పెట్టెలతో ఇంటికొచ్చేదాకా కాచుకుంటున్నాయి.