చదరంగము: బలముల నడకలలో మార్పు

చదరంగము 64 గడుల బల్లపై ఇరువురు సాగించు యుద్ధక్రీడ. నందిగామకు పొరుగున జగ్గయ్యపేట స్తూపమునుండి లభించిన చక్రవర్తి శిల్పమునందు రాజును పరివేష్టించి ఏనుగు, గుఱ్ఱము, మంత్రి నిలిచియుండుటను చూచినవారికి, ఆట వెలయుటకు శతాబ్దములకు ముందే దాని పరివారము ఈ నేలకు పరిచితమని తోపకమానదు. క్రీ.శ. 6వ శతాబ్దమునాటికి భారతదేశమున పుట్టి పారసీకమునకును, అటనుండి అరబ్బుదేశములకును ప్రాకిన యీ యాటలో గడుల సంఖ్య మాఱలేదు. మాఱినవి బలముల నడకలు.

మంత్రి తొలుత మూలగా ఒక్క గడి మాత్రమే కదలెడివాడు. ఏనుగు నడక చోటుచోటికి భేదించెను: 9వ శతాబ్దపు అరబ్బు క్రీడాకారుడు అల్ అద్లీ, హిందువులు ఏనుగును బల్ల మూలగడిలో నిలిపి తిన్నగా రెండేసి గడులు దాటింతురని వ్రాయగా, 1030 ప్రాంతమున అల్ బిరూనీ అది ముందునకొక గడియు, నాలుగు మూలలకు ఒక్కొక్క గడియు నడచుననియు, ఆ యైదును తొండమునకును నాలుగు కాళ్లకును గుర్తులనియు వివరించెను. తెలుగువారు నేటికిని బల్ల మూలలనుండు బలమును ఏనుగనియు, రాజమంత్రుల ప్రక్కనుండుదానిని శకటమనియు పిలుచుట గమనింపదగినది. రథము చోట ఏనుగు నిలువగా, ఏనుగు చోటికి బండి వచ్చినది. అల్ అద్లీ చెప్పిన అమరికయే మన పేళ్లలో నిలిచియున్నదని నా యభిప్రాయము.

మహాపరివర్తనము 1475 ప్రాంతమున స్పెయిన్‌లోని వలెన్సియాలో కానవచ్చును. అచ్చట మంత్రి రాణియై, అడ్డులేనంత దూరము ఎనిమిది దిక్కులకును సాగు శక్తిని పొందెను. శకటమునకు మూలగీతల పొడవునా స్వేచ్ఛ కలిగెను. ఒక్క బలమును పెంచినచో తక్కినవాని విలువలన్నియు కదలును. పూర్వము చివరి వరుస చేరిన బంటు అల్పశక్తియగు మంత్రిగా మాఱెడిది; నూతనపద్ధతిలో ఆ బంటే ఆటను నిర్ణయింపగలదయ్యెను. నిదానముగా వ్యూహములు పన్నుకొను క్రీడలో రెండవ యెత్తునకే ఆటకట్టు సాధ్యమయ్యెను. ఈ మార్పు ఆటకు ప్రాణము పోసినదనుటలో సందేహము లేదు.

మన దేశపు పాతపద్ధతిలో మాత్రము బంటు తొలియెత్తునను ఒక్క గడియే నడచెడిది. చివరి వరుస చేరినచో ఆ నిలువువరుసకు చెందిన బలముగా మాఱెడిది. కిస్తు పడకమున్ను రాజు ఒక్కమాఱు గుఱ్ఱమువలె దుముకవచ్చును. 1924లో పారిస్‌లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడిన పిదప, పోటీలలో ఐరోపా నియమములే క్రమముగా స్థిరపడినవి. కృష్ణాజిల్లా గుడివాడలో 1987లో జన్మించిన కోనేరు హంపి ఆ నియమములతోనే ఆడి 2002లో గ్రాండ్‌మాస్టరై, 2019లోను 2024లోను ప్రపంచ మహిళా ర్యాపిడ్ విజేతగా నిలిచెను.