ఇళయరాజా బ్యాండులో తెలుగు సగం

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో సినీ సంగీత విభావరి జరిగితే ఇళయరాజా పాట ఒక్కటైనా ఉండి తీరుతుంది. ‘గీతాంజలి’ నుంచో ‘సాగర సంగమం’ నుంచో ఒక పల్లవి ఎత్తుకోగానే హాల్లో నడివయసు దాటినవాళ్లంతా గొంతు కలుపుతారు. కానీ ఆ వరస ఇంచుమించు 1991 దగ్గర, ‘ఆదిత్య 369’ దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాత ఆయన తెలుగులో ఏం చేశారని అడిగితే చాలామంది కాసేపు ఆలోచనలో పడతారు. చివరికి ఒకరు ‘జగదానంద కారక’ అంటారు. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో చదువుకుని ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నవాళ్లనడిగితే ‘కోటి కోటి’ అంటారు. ఒకటి 2011 నాటి ‘శ్రీరామరాజ్యం’ లోది, రెండోది 2012 నాటి ‘ఎటో వెళ్ళిపోయింది మనసు’ లోది. పదమూడు నెలల తేడాతో వచ్చిన ఈ రెండు ఆల్బంలను పక్కపక్కన పెట్టి వినాలని ఎంతో కాలంగా నాకు కోరిక. డెబ్భై ఏళ్లకు దగ్గరపడుతున్న ఒక సంగీతకారుడు అప్పుడు ఎక్కడ నిలబడి ఉన్నాడో, ఆయన చుట్టూ ఎవరు మిగిలారో ఈ రెండూ కలిస్తేనే తెలుస్తుంది.

ఇళయరాజాను ఒంటరి మేధావిగా చూడటం మనకు అలవాటు. నా లెక్కలో ఆయన ఒక బ్యాండు. ఇది మాటవరసకు అంటున్నది కాదు, ఆయన మొదలైందే బ్యాండులో. సినిమాల్లో ఇంకా నిలదొక్కుకోని రోజుల్లో మద్రాసులో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం లైట్ మ్యూజిక్ కచేరీలు చేసేవారు. ఆయన వెనక వాయించిన బృందంలో గిటారూ హార్మోనియం ఇళయరాజావి, తాళవాద్యాలు అన్న భాస్కర్‌వి, ఇంకో గిటారు తమ్ముడు గంగై అమరన్‌ది. గాయకుడు తెలుగువాడు, వాద్యాలు తమిళుల చేతుల్లో. ఆ తర్వాత ధన్‌రాజ్ మాస్టారు దగ్గర పాశ్చాత్య సంగీతం, జి.కె. వెంకటేశ్ దగ్గర సహాయకుడిగా పని, 1976లో ‘అన్నక్కిళి’, మరుసటి ఏడాది తెలుగులో ‘భద్రకాళి’. పేరు మారింది, హోదా మారింది గానీ బృందంగా పనిచేసే పద్ధతి మారలేదు. మద్రాసు ప్రసాద్ స్టూడియోలో విజి మాన్యుయేల్ కీబోర్డు, పురుషోత్తమన్ డ్రమ్స్, సదానందం గిటారు, శశిధరన్ బేస్ గిటారు ఏళ్ల తరబడి ఒకే చోట మోగాయి. ప్రతి వాద్యానికీ ఆయనే స్వరాలు కాగితం మీద రాసిచ్చేవారు, వాళ్లు చూసి వాయించేవారు. అందుకే ‘శివ’ నాటి పాటల్లో కూడా బేస్ గిటారును విడిగా పట్టుకుని వింటే అదొక సొంత పాటలా నడుస్తుంది.

ఇది ఆ బ్యాండులో సగమే. మిగతా సగం తెలుగులో ఉండేది. వేటూరి కలం, బాలు గొంతు, జానకి గొంతు, ఆ తర్వాత చిత్ర గొంతు, సిరివెన్నెల కలం, దర్శకులు వంశీ, విశ్వనాథ్‌ల చెవి, ఇవన్నీ కలిస్తేనే మనకు తెలిసిన తెలుగు ఇళయరాజా. ‘సీతాకోక చిలుక’ (1981) ఇందుకు మంచి సాక్ష్యం. ఆ బాణీలు తమిళ ‘అలైగళ్ ఓయ్‌వదిల్లై’ కోసం పుట్టినవి. అయినా వేటూరి మాటలు కూర్చి, బాలు, వాణీ జయరాం, శైలజ పాడాక అవి ఇంకో భాషలోంచి వచ్చాయని ఎవరికీ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు. 1983లో ‘సాగర సంగమం’ ఇళయరాజాకూ బాలుకూ జాతీయ అవార్డులు తెచ్చింది. 1984లో ‘సితార’ జానకికి తెచ్చింది. 1988లో ‘రుద్రవీణ’ మళ్లీ ఇళయరాజాకూ బాలుకూ తెచ్చింది. ఒకరికి వచ్చినప్పుడు పక్కవాళ్లకూ రావడం ఊరికే జరిగింది కాదు.

ఆ రోజుల్లో ఈ పాటలు ముషీరాబాద్ ప్రాంతానికి రెండు దారుల్లో వచ్చేవి. ఒకటి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, నారాయణగూడ థియేటర్లు. రెండోది క్యాసెట్ షాపులు. కావలసిన పాటల పేర్లు చీటీ మీద రాసి, అరవై నిమిషాలదో తొంభై నిమిషాలదో ఖాళీ క్యాసెట్ ఇస్తే రెండు మూడు రోజుల్లో పాటలు ఎక్కించి ఇచ్చేవారు. ఎ సైడు చివర నాలుగు నిమిషాలు మిగిలితే అందులో ఏ పాట పడుతుందో లెక్క వేయడం షాపతనికి బాగా తెలుసు. ఆ చీటీల్లో సినిమా పేరు ఉండేది, హీరో పేరు ఉండేది, ఎక్కువసార్లు ఇళయరాజా పేరు కూడా ఉండేది. సంగీత దర్శకుడి పేరు చెప్పి పాటలు అడిగే అలవాటు అంత విస్తారంగా పాకడం నాకు తెలిసి అప్పుడే.

1992లో ‘రోజా’ వచ్చాక తమిళంలో గాలి మారింది. తెలుగులో అప్పటికే కీరవాణి వరసగా విజయాలు అందుకుంటున్నారు. ఇళయరాజా తెలుగు సినిమాలు తగ్గిపోయాయి. వంశీతో ‘అనుమానాస్పదం’ (2007) లాంటివి అప్పుడప్పుడు వచ్చాయి, పెద్దగా నిలవలేదు. 2010 మే 22న వేటూరి వెళ్లిపోయారు. తెలుగు సగంలో పెద్ద స్తంభం కూలింది.

సరిగ్గా ఆ తర్వాత దర్శకుడు బాపు ‘శ్రీరామరాజ్యం’ కోసం పిలిచారు.

బాపుకు ఇళయరాజా కొత్త కాదు, ‘మంత్రిగారి వియ్యంకుడు’ (1983) కలిసి చేశారు. కానీ బాపు రామాయణాలకు, ‘సంపూర్ణ రామాయణం’ (1971) గానీ ‘సీతా కల్యాణం’ (1976) గానీ, బాణీలు కె.వి. మహదేవన్‌వి. దానికి తోడు ఉత్తర రామాయణం అనగానే తెలుగువాడి చెవిలో ‘లవకుశ’ (1963) మోగుతుంది. ఘంటసాల బాణీలు, లీల, సుశీల గొంతులు. అంత బరువున్న నీడ కింద నిలబడి కొత్తగా పాటలు కట్టడానికి ధైర్యం కావాలి. ఇళయరాజా చేసిన తెలివైన పని ఏమిటంటే ఘంటసాలతో పోటీ పడలేదు. పద్యాల దారి వదిలేసి, బృందగానం, తీగవాద్యాలు, గుడి వాద్యాలు కలిపి తనదైన దర్బారు కట్టుకున్నారు. జొన్నవిత్తుల రామలింగేశ్వరరావు రాసిన పదిహేను పాటల్లో పండగ ఉంది, సీమంతం ఉంది, పిల్లల ఆటా ఉంది, వియోగమూ ఉంది.

‘జగదానంద కారక’ ఎత్తుగడ మాట త్యాగరాజ పంచరత్నాల్లో మొదటిదానిది. ఆ వాగ్గేయకారుడి పేరు పెట్టుకున్న చిక్కడపల్లి సభలో ఈ మాటతో మొదలయ్యే రెండు పాటలకూ చోటుంది. సినిమా పాటను జాగ్రత్తగా వింటే మూడు పొరలు తెలుస్తాయి. కింద ఊరేగింపు నడకలాంటి తాళం, మధ్యలో బృందం, పైన బాలు, శ్రేయా ఘోషాల్. బాలుకు అప్పుడు అరవై అయిదేళ్లు. గొంతు కొంచెం బరువెక్కింది. ఇళయరాజా ఆ బరువును దాచలేదు, రాజరికానికి వాడుకున్నారు. ముప్పై ఏళ్ల గొంతు పాడి ఉంటే ఆ పాటకు పట్టాభిషేకం నిండుదనం వచ్చేది కాదు. అది ఇప్పుడు శ్రీరామనవమి పందిళ్లలో ప్రతి ఏటా మోగే పాట అయింది, గల్లీ పందిరి నుంచి పెద్ద మైదానం దాకా.

నాకు మాత్రం అంతకన్నా గొప్ప పాట ‘గాలి నింగి నీరు’. సీత అడవి పాలైన ఘట్టం. అక్కడ వాద్యాలు చాలా తగ్గిపోతాయి. బాలు ఒక్కో మాటనూ పూర్తిగా పలికి, ఆగి, మళ్లీ ఎత్తుకుంటారు. ఆ ఆగిన చోట్ల ఆర్కెస్ట్రా దూరి ఖాళీ నింపదు. పాతికేళ్ల క్రితం ఇళయరాజా అయితే అక్కడో వేణువు పెట్టేవారేమో. ఇక్కడ వదిలేశారు. ఆ వదిలేయడం వయసు నేర్పిందని నా నమ్మకం.

‘శ్రీరామరాజ్యం’ మాటలు రాసిన ముళ్లపూడి వెంకటరమణ 2011 ఫిబ్రవరి 24న, సినిమా పూర్తి కాకుండానే పోయారు. నవంబర్ 17న సినిమా విడుదలైంది. అప్పటికి తెలంగాణలో సకల జనుల సమ్మె ముగిసి నెల కూడా కాలేదు. సమ్మెలో డిపోలకే పరిమితమైన ఆర్టీసీ బస్సులు మళ్లీ క్రాస్‌రోడ్స్ మీదుగా తిరుగుతున్నాయి, వాటిలోంచి దిగి వచ్చినవాళ్లు ఈ పౌరాణికం చూశారు. ఆ ఏటి ఉత్తమ చిత్రంగా నంది అవార్డు దీనికే వచ్చింది, సంగీతానికీ వచ్చింది.

ఇక రెండో ఆల్బం, ‘ఎటో వెళ్ళిపోయింది మనసు’. దర్శకుడు గౌతమ్ మీనన్ ఒకే కథను నానీ, సమంతలతో తెలుగులో, జీవా, సమంతలతో తమిళంలో తీశారు. 2012 డిసెంబర్ 14న విడుదలైంది. పేర్లలోనే రెండు భాషల తేడా పట్టుకోవచ్చు. తమిళ పేరు ‘నీదానే ఎన్ పొన్‌వసంతం’ ఇళయరాజా సొంత పాటలోది, 1982 నాటి ‘నినైవెల్లాం నిత్య’ లోనిది. తెలుగు పేరు ‘నిన్నే పెళ్లాడతా’ (1996) లోని సందీప్ చౌతా బాణీలోది. తమిళ ప్రేక్షకుడికి ఆ పేరు ఇళయరాజా జ్ఞాపకం, తెలుగు ప్రేక్షకుడికి ఇంకెవరి జ్ఞాపకమో. ఇది చిన్న విషయమే కావచ్చు, ఆల్బం మొత్తానికీ సూచన మాత్రం అదే.

సంగీతంగా దీని స్థాయి తక్కువ కాదు. నా మటుకు వాద్యాల అల్లికలో ‘శ్రీరామరాజ్యం’ కంటే ఇదే ఒక మెట్టు పైన ఉంది. లండన్ వెళ్లి అక్కడి వాద్యకారులతో రికార్డు చేశారు. ‘కోటి కోటి’లో గిటారు మెల్లగా దారి వేస్తుంటే వెనక వయొలిన్లు వచ్చి చేరే తీరు హెడ్‌ఫోన్స్‌లో వినాలి. గాయకుడి వాక్యం ముగియక ముందే వాటి వాక్యం మొదలవుతుంది. ‘నచ్చలేదు మావా’ గిటార్ల హోరుతో రాక్ పాటగా మొదలై సగంలో దారి మార్చుకుంటుంది. కచేరీ బృందంలో గిటారు పట్టిన కుర్రాడు ఇంకా లోపల ఉన్నాడని ఆ పాట చెబుతుంది. సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టుపక్కల పోటీ పరీక్షలకు చదివే పిల్లల ఫోన్లలో ఆ ఏడాది చలికాలమంతా ఈ పాటలే.

అయినా ఆల్బం అయిపోయాక నాకు మాట గుర్తుండదు, వాద్యమే గుర్తుంటుంది. తప్పు పాటలు రాసిన అనంత శ్రీరామ్‌ది అనక్కర్లేదు, కట్టిన బాణీలో ఆయన ఒదిగినంత చక్కగా ఒదిగారు. రెండు భాషలకూ ఒకే బాణీ కావడం కూడా అసలు కారణం కాదు, ‘సీతాకోక చిలుక’ ఆ వాదనను ముందే కొట్టేసింది. లోటు గొంతులో ఉంది. బాలు లేరు, జానకి లేరు, చిత్ర లేరు. తెలుగు మాటలోని ఒత్తునూ దీర్ఘాన్నీ బాణీకి లొంగదీస్తూనే చెడగొట్టకుండా పాడే నాలుక ఆ బృందంలో తక్కువైంది. సెట్‌లో కూర్చుని ఇది తెలుగులో ఇలా పలకదు అని చెప్పే వంశీ లాంటివాడు కూడా లేడు. ‘శ్రీరామరాజ్యం’లో బాపు ఉన్నారు, బాలు ఉన్నారు, చిత్ర ఉన్నారు. బ్యాండులో తెలుగు సగం అందులో మిగిలింది. ‘ఎటో వెళ్ళిపోయింది మనసు’లో లండన్ ఆర్కెస్ట్రా వచ్చింది గానీ తెలుగు సగం రాలేదు.

పాత బ్యాండుల చివరి ఆల్బంలన్నిటికీ ఈ ప్రశ్న తప్పదు. పింక్ ఫ్లాయిడ్ కీబోర్డు వాద్యకారుడు రిచర్డ్ రైట్ 2008లో చనిపోతే, మిగిలినవాళ్లు 1990ల్లో అతను వాయించి పెట్టిన టేపులు తీసి వాటి చుట్టూ 2014లో ‘ది ఎండ్‌లెస్ రివర్’ కట్టారు. లేని మనిషి వేళ్లు లేకుండా ఆ సంగీతం తమది కాదని వాళ్లకు తెలుసు. మన దగ్గర ఆ స్పృహ తక్కువ. సంగీత దర్శకుడి పేరు పోస్టర్ మీద ఉంటే చాలు, పాత మాయ తిరిగి వస్తుందనుకుంటాం.

ఆ తర్వాత కూడా ఇళయరాజా ఆగలేదు. ‘గుండెల్లో గోదారి’ (2013), ‘రుద్రమదేవి’ (2015), ‘రంగమార్తాండ’ (2023) వచ్చాయి. 2025 మార్చి 8న లండన్‌లో తన తొలి సింఫనీ ‘వాలియంట్’ వినిపించారు. 2014లో బాపు, 2020 సెప్టెంబర్ 25న బాలు, 2021లో సిరివెన్నెల పోయారు. 2017లో పాటల హక్కుల విషయంలో ఇళయరాజా, బాలు మధ్య నోటీసుల దాకా వెళ్లిన తగాదా అభిమానుల్ని బాధపెట్టింది. తర్వాత ఇద్దరూ కలిశారు, అది మనందరి అదృష్టం.

కాబట్టి నా తీర్పు ఇది. వాద్యకారుడిగా ఇళయరాజా వయసు మళ్లాక ఎంత ఎత్తున ఉన్నారో తెలియాలంటే ‘ఎటో వెళ్ళిపోయింది మనసు’ వినాలి. తెలుగు పాటగా నిలిచేది మాత్రం ‘శ్రీరామరాజ్యం’. బాపు, బాలు, ఇళయరాజా ముగ్గురూ కలిసి చేసిన చివరి ఆల్బం అదే. గానసభలో విభావరులు జరిపే ఆర్కెస్ట్రా మిత్రులకు ఒక మనవి. ‘జగదానంద కారక’ అందరూ పాడుతున్నారు, పాడండి. దాని పక్కనే ఒక్కసారి ‘గాలి నింగి నీరు’ కూడా పెట్టండి. ట్రాక్ వేసుకోకుండా, ఇద్దరు వయొలిన్ వాళ్లను, ఒక మంచి గొంతును కూర్చోబెట్టి, మధ్యలో ఆగాల్సిన చోట ఆగి పాడించండి.